ఇంట్లో ఓటా, బూత్‌లో ఓటా?

85 ఏళ్లు దాటినవాళ్లు, 40 శాతం, అంతకుమించి వైకల్యం ఉన్నవాళ్లు ఇంటి నుంచే ఓటేయొచ్చు. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన 5 రోజుల్లోపు ఫారం 12డి, అంటే ఇంటి ఓటు కోసం దరఖాస్తు, ఇవ్వాలి. సిబ్బందే బ్యాలెట్ పేపరు, కవర్లు పట్టుకుని ఇంటికొస్తారు, వీడియో కూడా తీస్తారు. మంచం దిగలేనివాళ్లకు ఇంతకంటే మంచి దారి లేదు. కాకపోతే ఇరుకింట్లో కొడుకూ కోడలూ పక్కనే నిలబడితే ఓటు రహస్యంగా ఎలా ఉంటుంది? వాళ్లను కాసేపు బయటికి పంపాల్సింది సిబ్బందే.

బూత్‌కు వెళ్లాలంటే ఎండ, ప్రయాణం తప్పవు. కానీ ఈవీఎం మీద బ్రెయిలీ అంకెలుంటాయి. చూపులేని మనిషి వేలితో తడిమి తన ఓటు తనే వేసుకోవచ్చు. తోడు కావాలంటే 18 ఏళ్లు నిండినవాళ్లను తీసుకెళ్లొచ్చు. కదలగలిగితే, ర్యాంపు సరిగా ఉంటే, బూత్‌కు వెళ్లడమే మేలంటాను. పెద్దవాళ్లు, వికలాంగులు నలుగురి మధ్యా కనిపించాలి.

12డి ఆమోదం పొందాక మాత్రం బూత్‌లో ఓటేయనివ్వరు. ముందే తేల్చుకోండి.