ఇంక్‌స్కేప్‌లో మాస్క్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ఫోటో అంచు నేపథ్యంలో కలిసిపోవాలన్నా, అక్షరాల ప్రతిబింబం కిందికి వెళ్లేకొద్దీ పలచబడాలన్నా నేను వాడేది బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లోని మాస్కే, అంటే బొమ్మ ఎక్కడ ఎంత కనబడాలో నిర్ణయించే పై ఆకారం. అందులోనే ఉన్న క్లిప్ అనే ఇంకో సాధనం బొమ్మని కత్తెరలా కోస్తుంది, అంచు గట్టిగా వస్తుంది. మాస్క్ మెత్తగా కరిగిస్తుంది. అసలు బొమ్మ మాత్రం చెక్కుచెదరదు, రిలీజ్ చేస్తే, అంటే మాస్క్ తీసేస్తే, బొమ్మా మాస్క్ ఆకారమూ రెండూ వెనక్కి వచ్చేస్తాయి. నాకు దీని మీద ఇంత నమ్మకం కుదిరింది అందుకే.

పద్ధతి తేలికే. బొమ్మ మీద ఇంకో ఆకారం పెట్టి, రెండిటినీ సెలెక్ట్ చేసి, ఆబ్జెక్ట్ మెనూలో మాస్క్ సెట్ చేయాలి. పైనున్న ఆకారంలో తెలుపు ఉన్నచోట బొమ్మ పూర్తిగా కనబడుతుంది, నలుపు ఉన్నచోట కనబడదు, బూడిద రంగు ఉన్నచోట పలచగా కనబడుతుంది. అసలు ఆకారమే లేనిచోట ఏమీ ఉండదు. కొత్తవాళ్లు నల్లటి ఆకారంతో సెట్ చేసి, బొమ్మ మొత్తం మాయమైందని టెన్షన్ పడేది ఇక్కడే. బొమ్మ మధ్యలో రంధ్రం కావాలంటే పెద్ద తెల్ల దీర్ఘచతురస్రం, దాని మీద నల్లటి ఆకారం పెట్టి, ఆ రెండిటినీ ముందు గ్రూప్ చేయాలి. గ్రూప్ చేయకపోతే అన్నిటికంటే పైనున్నది ఒక్కటే మాస్క్ అవుతుంది.

మాస్క్‌కి రంగులు వేస్తే ఫలితం వింతగా ఉంటుంది. ఇంక్‌స్కేప్ వాడే ఎస్‌వీజీ ఫైల్ పద్ధతి లెక్క రంగుని కాదు, దాని వెలుగుని చూస్తుంది. పూర్తి ఆకుపచ్చ వేస్తే బొమ్మ సుమారు 72 శాతం కనబడుతుంది, ఎరుపు వేస్తే 21, నీలమైతే 7 శాతమే. ఆకారానికి ఉన్న ఒపాసిటీ, అంటే అదెంత దట్టంగా ఉందన్నది, కూడా ఈ లెక్కలో కలుస్తుంది. అందుకే నేను తెలుపు నుంచి నలుపుకి మెల్లగా మారే గ్రేడియంట్ దాటి పోను.

ఒక్క ఆకారమైతే గ్రేడియంట్ ఫిల్ చాలు కదా అనవచ్చు, నిజమే. కానీ పదుల కొద్దీ ముక్కలున్న గ్రూప్ అంతా ఒకే తీరున పలచబడాలంటే ప్రతి ముక్కకీ గ్రేడియంట్ పెట్టడం నరకం. అక్కడ మాస్క్‌కి సాటి లేదు.

లోటు దిద్దుబాటులో ఉంది. అంచు బిందువులు కదిపే నోడ్ టూల్‌తో మాస్క్ ఆకారాన్ని సర్దుకోవచ్చు గానీ, లోపలి గ్రేడియంట్ మార్చాలంటే రిలీజ్ చేసి, మార్చి, మళ్లీ సెట్ చేయడమే నా దారి. అడోబీ వాళ్ల ఇలస్ట్రేటర్‌లో ట్రాన్స్‌పరెన్సీ ప్యానెల్‌లో మాస్క్ చిన్న బొమ్మ (థంబ్‌నెయిల్) మీద నొక్కి నేరుగా దిద్దుకోవచ్చు, ఆ సుఖం ఇక్కడ లేదు. మాస్క్‌కి పెద్ద బ్లర్ (మసక) పెడితే తెర కూడా నెమ్మదిస్తుంది. అప్పుడు వ్యూ మెనూలో బ్లర్ లాంటివి చూపించని నో ఫిల్టర్స్ మోడ్‌కి మారి పని చేసుకుంటాను.

ప్రింటింగ్‌కి పంపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మాస్క్ తెచ్చే పలచదనం అంటే పారదర్శకతే; ప్రింటింగ్‌కి వాడే ఈపీఎస్ ఫైల్‌కి పారదర్శకత తెలియదు, పీడీఎఫ్‌కి అది వచ్చింది 2001 నాటి 1.4 వెర్షన్ నుంచి. ప్రెస్‌ల కోసం ఉన్న పీడీఎఫ్/ఎక్స్-1ఏ రకం కూడా దాన్ని ఒప్పుకోదు. ప్రెస్ వాళ్లు ఆ రకం ఫైలే అడిగితే, మాస్క్ ఉన్న భాగాన్ని 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కల) బిట్‌మ్యాప్ బొమ్మగా ముందే మార్చుకుని, నేపథ్యంతో సహా అతికించి పంపుతాను.