చేతిలోకి తీసుకుని చూసి కొనే చోటు: నా మొదటి స్పోర్ట్స్ కార్డ్ షో

ఆటగాళ్ళ బొమ్మలతో అచ్చు వేసి అమ్మే స్పోర్ట్స్ కార్డులు సేకరించడం మొదలుపెట్టి నాలుగేళ్ళు గడిచినా, మొన్నటి వరకు నేను కొన్న ప్రతి కార్డునూ ముందు ఫోనులో బొమ్మగా చూసి, డబ్బు కట్టి, కవరు విప్పిన తర్వాతే అసలు కార్డును చూశాను. ఈ మధ్య మొదటిసారిగా ఒక రెండు రోజుల కార్డ్ షోకు వెళ్ళాను. పెద్ద హాలు, వరుసలుగా వేసిన బల్లలు, ఒక్కో బల్ల వెనుక ఒక డీలరు, ఒక చివర ఆటగాళ్ళు ఆటోగ్రాఫులు ఇచ్చే వేదిక, ఇంకొక మూల గ్రేడింగుకు, అంటే కార్డు స్థితిని పరీక్షించి పది వరకు ఒక అంకె ఇవ్వడానికి, కార్డులు అప్పగించే కౌంటరు. నిర్వహణలో కొన్ని లోపాలు కనిపించినా, పెట్టిన ప్రవేశ రుసుముకు ఈ షో పూర్తిగా తగినదేనని నా అభిప్రాయం. కార్డును దగ్గరగా పెట్టుకుని, వెలుతురులో అటూ ఇటూ వాల్చి, తృప్తిగా పరీక్షించి కొనే వీలు ఇంత విస్తారంగా మరెక్కడా దొరకదు. అయితే ఆ వీలు తొందరపడని వారికే ఉపయోగపడుతుంది.

అందుకే మొదటి గంట ఏమీ కొనకూడదని ముందుగానే నిశ్చయించుకుని వెళ్ళాను. అది మంచి నిర్ణయమే అయింది. నేను వెతుకుతున్న ఒక రూకీ కార్డు (ఆటగాడి తొలి ఏడాది కార్డు) మూడు బల్లల మీద కనిపించింది; మూడింటి ధరలూ వేరు, మూడింటి స్థితీ వేరు. అన్నిటికంటే తక్కువ ధర చెప్పిన కార్డుకు వెనుకవైపు ఒక మూల మెత్తబడి ఉంది. మొదటి బల్ల దగ్గరే కొని ఉంటే ఈ తేడాలేవీ నాకు తెలిసేవి కావు. హాలంతా ఒకసారి తిరుగుతూ, నచ్చిన కార్డు ఎదురైనప్పుడు బల్ల సంఖ్యనూ చెప్పిన ధరనూ చిన్న పుస్తకంలో రాసుకోవడం మంచిది, ఎందుకంటే రెండు వరుసలు దాటేసరికి ఏది ఎక్కడ చూశామో గుర్తుండదు. చాలాకాలంగా వెతుకుతున్న అరుదైన కార్డు, మనం ముందే అనుకున్న ధరకు దొరికితే మాత్రం ఆగనక్కరలేదు; తిరిగి వచ్చేసరికి అది అక్కడ ఉండకపోవచ్చు.

పరీక్షించే పద్ధతి గురించి కొంత వివరంగా చెప్పాలి. గ్రేడింగు చేసేవారు చూసేవి ముఖ్యంగా నాలుగు: బొమ్మ అంచుల మధ్య సరిగ్గా కుదిరిందా, మూలలు పదునుగా ఉన్నాయా, అంచులు చెదిరాయా, ఉపరితలం శుభ్రంగా ఉందా. మనమూ అదే వరుసలో చూస్తే ఏదీ తప్పిపోదు. ఎడమ, కుడి అంచుల వెడల్పును పోల్చాక పై, కింది అంచులను పోల్చాలి. ఆ తర్వాత కార్డును తప్పకుండా తిప్పి చూడాలి, ఎందుకంటే చాలామంది వెనుకవైపును పట్టించుకోరు. మెరిసే ఉపరితలం ఉన్న కార్డులకు ఇంకా ఓపిక కావాలి. 1993లో కార్డులు అచ్చు వేసే టాప్స్ సంస్థ ఫైనెస్ట్ సెట్టుతో, వాల్చితే ఇంద్రధనుస్సు రంగుల్లో మెరిసే రిఫ్రాక్టర్లను తెచ్చినప్పటి నుంచి ఇటువంటి కార్డుల మీద మోజు పెరుగుతూనే ఉంది గాని, వాటి మీద సన్నటి గీతలు ఎదురుగా చూస్తే అసలు కనిపించవు. ఫోను దీపం వెలిగించి, కార్డును ఏటవాలుగా పట్టుకున్నప్పుడే బయటపడతాయి. పాత రిఫ్రాక్టర్లలో కొన్నింటికి కాలక్రమంలో ఆకుపచ్చ ఛాయ వస్తుంది. ఫోటోలలో అది సరిగా తెలియదు. కార్డును తొడుగులోంచి బయటికి తీసి చూడాలనుకుంటే డీలరును అడగాలి, మనంతట మనం తీయకూడదు. నేను అడిగిన వారిలో ఒక్కరు తప్ప అందరూ సంతోషంగా తీసి చూపించారు.

నకిలీల విషయంలో పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం చాలా అక్కరకు వచ్చింది. ఫ్లీర్ సంస్థ 1986-87 బాస్కెట్‌బాల్ సెట్టులోని 57వ సంఖ్య మైఖేల్ జోర్డాన్ కార్డు నకిలీలు ఎక్కువగా తిరిగే వాటిలో ఒకటి. అచ్చు వేసిన బొమ్మ రంగు చుక్కల కూర్పుగా ఉంటుంది, కాని అసలు కార్డులలో నల్లని అక్షరాలూ గీతలూ సాధారణంగా నిండు సిరాతో, స్పష్టమైన అంచులతో ఉంటాయి. అసలు కార్డును స్కాన్ చేసి మళ్ళీ అచ్చు వేసినప్పుడు ఆ అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే చాలా నకిలీలను బల్ల దగ్గరే పట్టుకోవచ్చు. దీనితోపాటు అదే సెట్టులోని ఒక చవకైన కార్డును కొని వెంట ఉంచుకోవడం మంచి అలవాటు: అట్ట మందం, రంగు, అక్షరాల తీరు పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు.

స్లాబులో, అంటే గ్రేడింగు సంస్థ సీలు చేసిన గట్టి ప్లాస్టిక్ పెట్టెలో, ఉన్న కార్డు కాబట్టి భయం లేదనుకోవడం కూడా పొరపాటే. గ్రేడింగు సంస్థలలో పీఎస్ఏ 1991లో, ఎస్‌జీసీ 1998లో, బెకెట్ గ్రేడింగ్ 1999లో మొదలయ్యాయి; ఈ సంస్థలు ఒక్కో కార్డుకు ఇచ్చే ధ్రువీకరణ సంఖ్యను వాటి సైటులో సరిచూసుకోవచ్చు. సంఖ్య నిజమైనదైతే సరిపోదు, ఆ సంఖ్యకు నమోదైన కార్డూ గ్రేడూ మన ముందున్న వాటితో కలవాలి; ఫోటో అందుబాటులో ఉంటే అచ్చులో చిన్న మచ్చ వంటి ఆనవాలును పోల్చి చూడాలి. పెట్టె అంచులు కలిసే చోట విప్పి అతికించిన గుర్తులు, పగుళ్ళు ఉన్నాయేమో కూడా చూడాలి. ఒకే గ్రేడు వచ్చిన రెండు కార్డులు ఒకేలా ఉండవన్న సంగతి నాకు ఇక్కడే కళ్ళకు కట్టినట్టు తెలిసింది. పక్కపక్కన పెట్టిన రెండు ఎనిమిదో గ్రేడు కార్డులలో ఒకటి చక్కగా మధ్యకు కుదిరి, రంగులు నిండుగా ఉంది. రెండోదానిలో బొమ్మ ఒక పక్కకు ఒరిగి ఉంది. ధర మాత్రం రెండింటికీ ఒకటే చెప్పారు.

ఈ షోలో నాకు బాగా గుర్తుండిపోయేది పాత కార్డుల బల్ల ఒకటి. ఆ డీలరు వయసులో పెద్దవారు. నేను కొనే మనిషిని కాదని తెలిసినా, 1952 టాప్స్ బేస్‌బాల్ సెట్టు చివరి సిరీసులోని ఒక కార్డును అద్దాల పెట్టెలోంచి తీసి నా చేతికిచ్చారు. మూలలు గుండ్రంగా అరిగిపోయినా ఆ రంగులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఆ సిరీసు సరిగా అమ్ముడుపోక మిగిలిపోవడమూ, ఆ సరుకును 1960లో అట్లాంటిక్ సముద్రంలో పారబోయడమూ చదివి తెలుసుకున్నదే గాని, దానిలోంచి బయటపడి మిగిలిన ఒక అట్టముక్కను పట్టుకున్నప్పుడు కలిగిన అనుభూతి వేరు. ఆ రోజుల టాప్స్ కార్డులు ఇప్పటి రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల పొడవు కొలత కంటే పెద్దవని, 1957లోనే ఇప్పటి కొలత వచ్చిందని కూడా ఆయనే చెప్పారు. పాత కార్డులు కొనదలచినవారు వాటికి తగిన పెద్ద తొడుగులను వెంట తీసుకెళ్ళాలి, మామూలు టాప్‌లోడరులో (పైనుంచి కార్డు దూర్చే గట్టి ప్లాస్టిక్ తొడుగులో) అవి పట్టవు.

తొడుగుల మాట వచ్చింది కనుక, కార్డును ముందు పెన్నీ స్లీవు అనే పలుచని, మెత్తని ప్లాస్టిక్ తొడుగులో పెట్టి, ఆ తర్వాతే టాప్‌లోడరులో పెట్టాలి. ఆటగాడి జెర్సీ (ఆట చొక్కా) ముక్క అతికించిన మందపాటి కార్డులకు మందపాటి టాప్‌లోడర్లు వేరే ఉంటాయి. మామూలు వాటిలోకి బలవంతంగా తోస్తే అంచులు దెబ్బతింటాయి. ఆ జెర్సీ ముక్క ఆటలో వాడినదా, కేవలం ఒక కార్యక్రమంలో తొడిగి విప్పినదా అన్నది సాధారణంగా వెనుకవైపు వాక్యంలో ఉంటుంది, దాన్ని పూర్తిగా చదవాలి.

ధర మాట్లాడే ముందు, అదే కార్డు అదే స్థితిలో ఇటీవల నిజంగా ఎంతకు అమ్ముడైందో ఈబేలో చూసుకోవాలి. అమ్మకానికి పెట్టినవారు అడుగుతున్న ధర లెక్కలోకి రాదు. నాలుగైదు కార్డులు ఒకే బల్ల దగ్గర ఏరుకుని అన్నిటికీ కలిపి ఒక ధర అడిగినప్పుడు, చేతిలో నగదు ఉన్నప్పుడు, నాకు మంచి తగ్గింపులు దొరికాయి. కార్డులోని లోపాలను ఎత్తి చూపుతూ బేరమాడడం కంటే, నేను ఇవ్వగలిగినది ఇంత అని మర్యాదగా చెప్పడమే మేలు. మన కార్డులు డీలరుకు అమ్మినప్పుడు మార్కెట్టు ధర రాదు. బల్ల అద్దె, ప్రయాణం, మళ్ళీ అమ్ముడుపోయే దాకా డబ్బు నిలిచిపోవడం ఆయన భరించాలి కాబట్టి అది అన్యాయమేమీ కాదు. మార్పిడి చేసుకునేటప్పుడు మాత్రం రెండువైపుల కార్డులకూ ఒకే కొలమానంతో విలువ కడుతున్నారో లేదో మొదటే తేల్చుకోవాలి.

పెట్టెలోంచి తీసి ఒక్కొక్కటిగా అమ్మే, లోపల ఏ కార్డులున్నాయో తెలియని విడి ప్యాకెట్లు కొనవద్దని నా గట్టి సలహా. ఆ పెట్టెలోని మంచి కార్డు ముందే బయటికి వచ్చిందో లేదో అమ్మేవారికి తెలిసి ఉండవచ్చు, మనకు తెలియదు. తెరిచి మళ్ళీ అతికించిన ప్యాకెట్లూ లేకపోలేదు.

ఇక లోపాలు. దాదాపు సగం బల్లల మీద కార్డులకు ధర చీటీలు లేవు. ప్రతిదానికీ అడగవలసి రావడం కొత్తవారికి, ముఖ్యంగా పిల్లలకు, చాలా ఇబ్బంది. హాలు చివరి వరుసలలో వెలుతురు చాలలేదు. గ్రేడింగు కౌంటరు రెండోరోజు మధ్యాహ్నానికే మూసేస్తారన్న సంగతి ప్రవేశద్వారం దగ్గర ఎక్కడా రాసిపెట్టలేదు, దానితో కొంచెం వంగే సెమీ రిజిడ్ తొడుగులలో సిద్ధం చేసి తెచ్చిన మూడు కార్డులతో నేను వెనుదిరగవలసి వచ్చింది. ఆటోగ్రాఫుకు వేరే టికెట్టు ఉందన్నదీ వరుసలో నిలబడ్డాకే తెలిసింది. నిర్వాహకులు ఈ వివరాలను ముందుగా ప్రకటిస్తే బాగుండేది.

రెండోరోజు చివరి గంటలో, డీలర్లు సర్దుకోవడం మొదలుపెట్టాక, మొదటిరోజు పుస్తకంలో రాసుకున్న ఆ రూకీ కార్డు కోసం మధ్య ధర చెప్పిన బల్ల దగ్గరికి వెళ్ళాను. కార్డు ఇంకా అక్కడే ఉంది. మరొకసారి వెలుతురులో వాల్చి చూసి, మొదట చెప్పినదానికంటే కొంత తక్కువకు తీసుకున్నాను. కవరు విప్పేటప్పటి ఆందోళన లేకుండా నేను కొన్న మొదటి కార్డు అదే.