కొత్త ఊరు చూడాలంటే గైడ్ టూరా, సొంత తిరుగుడా: ఏది మేలు?

నా ఓటు మొదటి రోజు గైడ్‌తో కాలినడక టూర్‌కు, ఆ తర్వాత మ్యాప్ పట్టుకుని సొంతంగా తిరగడానికి. ఒక్క రోజులో ఊరంతా చుట్టబెట్టే బస్సు టూర్‌ది ఆఖరి స్థానమే.

నడక టూర్ సాధారణంగా రెండు మూడు గంటల్లో ముగుస్తుంది. చూసేది ఒకటి రెండు పేటలే. అయినా ఇరుకు సందుల పాత పేటల్లో దానికి సాటి లేదు. మంచి గైడ్ ఒక గోడ దగ్గర ఆగి, నడుమెత్తున ఉన్న సన్నని గీతను చూపి, వరద నీరు అక్కడిదాకా వచ్చిందని చెబుతారు. మనంతట మనం ఆ సందులో నాలుగుసార్లు తిరిగినా ఆ గీత కంటపడదు. పైగా సందేహం వచ్చిన చోటే అడగవచ్చు. అయితే గుంపు పదిహేను మందిని దాటితే వెనుకవాళ్లకు సగం మాటలు వినిపించవు. చేరే ముందే ఎంతమందో కనుక్కోవాలి.

'ఉచిత' నడక టూర్లూ ఉంటాయి. వాటిలో గైడ్‌కు వచ్చేది మనమిచ్చే టిప్పే కాబట్టి చివర్లో జారుకోవడం అన్యాయం. నిజంగా ఉచితమైనవి వేరు: న్యూయార్క్‌లో 1992లో మొదలైన బిగ్ యాపిల్ గ్రీటర్ అనే కార్యక్రమం తరహాలో ఇప్పుడు చాలా నగరాల్లో స్థానికులు స్వచ్ఛందంగా తమ పేటను చూపిస్తున్నారు. ముందుగా రాసి అడగాలి.

ఇక బస్సు. "కుడివైపు చూడండి" అనేసరికి ఎడమవైపు వారికి కనిపించేది పక్కవారి తలలే. మెడ సాచేలోపు బస్సు కదులుతుంది. కొన్ని టూర్లలో చూడవలసిన చోట ఇరవై నిమిషాలు, కమిషన్ ముట్టే దుకాణంలో ముప్పావు గంట! నడవలేని పెద్దవారు వెంట ఉంటేనో, చేతిలో ఒక్క పూటే ఉంటేనో బస్సే దిక్కు. అప్పుడైనా నచ్చిన చోట దిగి తర్వాతి బస్సు ఎక్కనిచ్చే టికెట్ తీసుకోండి, ఆఖరి బస్సు ఎన్నింటికో చూసుకోండి.

మ్యూజియాలు, ఉద్యానాలు, బజార్లు సొంతంగా చూస్తేనే తృప్తి. కాకపోతే సెలవుల లెక్క మనదే: పారిస్‌లోని లూవ్ర్ మంగళవారాలు మూసి ఉంటుంది.

నడక టూర్ అయ్యాక గైడ్‌ను ఒక్క మాట అడగండి: "సెలవు రోజున మీరు ఎక్కడికి వెళ్తారు?" రెండో రోజు అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.