పాల లెక్క రాసే యాప్‌లు: అలారం రెండు వారాలే, డైపర్ పట్టిక ఆరు వారాలు

బెంగళూరులో కాన్పయి ఇంటికొచ్చిన తెలుగు ఇళ్ళలో, మారతహళ్ళి అయినా కె.ఆర్.పురం అయినా, బాలింత దిండు పక్కన ఫోనుంటుంది, ఆ ఫోనులో పాల లెక్క రాసే యాప్ ఒకటి ఉంటుంది. పేర్లు వేరైనా లోపలి సరుకు దాదాపు ఒకటే: ఎడమ, కుడి అని రెండు మీటలు, నిమిషాలు లెక్కపెట్టే టైమర్, డైపర్ల పట్టిక, బరువు గ్రాఫు, ఇన్ని గంటలకోసారని మోగే అలారం. మా మాట ముందే చెప్పేస్తాం. డైపర్ పట్టికకు పూర్తి మార్కులు. అలారం రెండు వారాల వరకు మంచిదే. టైమర్‌ను మాత్రం వాడకండి.

ముందు అలారం సంగతి. చాలా యాప్‌లలో మూడు గంటలని పెట్టుకుంటారు. అంటే రోజుకు ఎనిమిది సార్లు. తల్లిపాలు తాగే చంటిబిడ్డకు మొదటి వారాల్లో 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పట్టాలి. కాబట్టి అలారం చెప్పేది కనీసం లెక్క మాత్రమే, అది మోగేదాకా బిడ్డను ఆపమని కాదు. ఇన్నిసార్లు ఎందుకంటే, తొలిరోజు బిడ్డ ఒక్కో విడతకు తాగే ముర్రుపాలు 2 నుంచి 10 మిల్లీలీటర్లే, మహా అయితే రెండు టీస్పూన్లు. నాలుగో రోజుకు అది 30 నుంచి 60 మిల్లీలీటర్లకు పెరుగుతుంది. చిన్న పొట్ట, త్వరగా అరిగే పాలు.

అలారం నిజంగా అక్కరకొచ్చేది నిద్రముఖం బిడ్డలకు. నెలలు నిండకుండా పుట్టినవాళ్ళు, రెండున్నర కిలోల కన్నా తక్కువ బరువున్నవాళ్ళు, పచ్చకామెర్లు వచ్చినవాళ్ళు ఆకలేసినా లేవరు. వీళ్ళను పగలు మూడు గంటలు, రాత్రి ఒక్కసారికి నాలుగు గంటలు దాటనివ్వకూడదు. డాక్టరు ఇంకా తక్కువ వ్యవధి చెబితే అదే పాటించాలి. చుట్టిన గుడ్డలు విప్పి, డైపర్ మార్చి, ఒంటికి ఒళ్ళు తగిలేలా ఎత్తుకుని అరికాళ్ళు రుద్దితే చాలామంది లేస్తారు. పుట్టిన బరువు తిరిగొచ్చి, ఒళ్ళు చేస్తోందని డాక్టరు చెప్పాక అలారం తీసేయండి. ఆ తర్వాత బిడ్డే చెబుతుంది: కళ్ళు పూర్తిగా తెరవకముందే నోరు తెరుస్తుంది, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతుంది, పిడికిలి నోటికి తెచ్చుకుంటుంది. ఏడుపు చివరి గుర్తు. అక్కడిదాకా వస్తే ముందు ఊరుకోబెట్టాలి, అప్పుడుగానీ రొమ్ము సరిగ్గా పట్టుకోదు.

సెట్టింగులలో ఒకటి తప్పక చూసుకోండి. పాలు పట్టే వ్యవధిని మొదలుపెట్టిన టైము నుంచి మళ్ళీ మొదలుపెట్టే టైము దాకా లెక్కిస్తారు. ఆరింటికి మొదలై ఆరూ నలభైకి ముగిసి, మళ్ళీ ఎనిమిదింటికి పట్టుకుంటే అది రెండు గంటలు. యాప్ ముగిసిన టైము నుంచి లెక్కపెడుతుంటే, రోజుకు పన్నెండు సార్లు పడుతున్న తల్లికి రోజంతా కలిపి కొన్ని గంటలు అలారం వెనకబడుతుంది.

యాప్‌ల వల్ల ఎక్కువ నష్టం జరిగేది సాయంత్రాలు. అయిదు నుంచి పది దాకా చాలామంది బిడ్డలు అరగంటకోసారి, గంటకోసారి రొమ్ము అడుగుతారు. రెండు మూడు వారాలప్పుడు, మళ్ళీ ఆరు వారాలప్పుడు ఇది ఇంకా ఎక్కువవుతుంది. గ్రాఫులో ఆ గీతలన్నీ ఒకచోట ఇరుక్కుని కనిపిస్తాయి. అది చూసి పక్కనున్న పెద్దవాళ్ళు "పాలు చాలడంలేదమ్మా, ఒక్క పూట డబ్బా పాలు పట్టు" అంటారు. ఆ ఒక్క పూటకు బిడ్డ కడుపు నిండి నాలుగు గంటలు పడుకుంటుంది, ఆ నాలుగు గంటలూ రొమ్ములో పాలు నిలిచిపోతాయి. నిలిచిన పాలే తయారీని తగ్గిస్తాయి, ఖాళీ అయిన రొమ్ము త్వరగా నింపుకుంటుంది. నాలుగు రోజులు ఇలా జరిగితే పాలు నిజంగానే తగ్గుతాయి. డైపర్లు, బరువు సరిగ్గా ఉంటే సాయంత్రపు గీతల గుంపు జబ్బు కాదు. రాత్రి విడతలు కూడా మొదటి వారాల్లో మానకండి. పాలను తయారుచేయించే ప్రొలాక్టిన్ హార్మోను రాత్రిళ్ళే ఎక్కువ ఉంటుంది.

ఇక టైమర్. ఒక బిడ్డ ఏడు నిమిషాల్లో తాగేస్తుంది, ఇంకో బిడ్డకు నలభై పడుతుంది, ఇద్దరూ బాగానే పెరుగుతారు. మూడో నెలకు బిడ్డ చేయి తిరిగిన మనిషిలా అయిదు నుంచి పది నిమిషాల్లో ముగిస్తే, యాప్ మాత్రం సగటు తగ్గిందని చూపిస్తుంది. రాత్రి రెండింటికి తల్లి టైమర్ ఆపకుండా నిద్రపోతే నాలుగు గంటలు తాగినట్టు రాసుకుంటుంది, వారం సగటంతా పాడవుతుంది. పక్కకు పది నిమిషాలని పెట్టి రొమ్ము మార్పించేవి మరీ చెడ్డవి. విడత చివర్లో వచ్చే వెన్న ఎక్కువున్న పాలు అందకముందే బిడ్డను లాగేసినట్టవుతుంది. మొదటి పక్క తనంతట తాను వదిలాకే రెండోది చూపించండి. తాగితే తాగుతుంది, లేకపోతే తర్వాతి విడత ఆ పక్కనుంచి మొదలుపెట్టండి. ఎడమ, కుడి మీటలు పనికొచ్చేది ఇందుకే.

నిమిషాలకు బదులు బిడ్డ గడ్డం చూడండి. పట్టుకున్న మొదట్లో గబగబా చిన్నగా చప్పరిస్తుంది, అది పాలు చేపుకు రావడానికి. పాలు చేపుకొచ్చాక లయ మారుతుంది: గడ్డం బాగా కిందికి జారుతుంది, అక్కడ ఒక్క క్షణం ఆగుతుంది, అప్పుడు మూసుకుంటుంది. ఆ ఆగిన క్షణమే నోరు నిండడం. వెంటనే గొంతులో గుటక, "క్" అని మెత్తటి చప్పుడు. ఇలా కొన్ని నిమిషాలు సాగాక గుటకల మధ్య ఎడం పెరుగుతుంది. అప్పుడు రొమ్మును చేత్తో మెల్లగా అదిమి పట్టుకుంటే మళ్ళీ కొన్ని గుటకలు పడతాయి. బిగిసిన పిడికిలి వేలు వేలుగా విచ్చుకుంటుంది. గుటకల్లేకుండా అరగంట చప్పరించినా టైమర్ ముప్పై నిమిషాలనే రాస్తుంది. వదిలాక చనుమొన నొక్కుకుపోయి, కొత్త లిప్‌స్టిక్ కొనలా ఏటవాలుగా కనిపిస్తే పట్టు సరిగ్గా లేనట్టే. పాలిచ్చే విధానం నేర్పే లాక్టేషన్ కన్సల్టెంటుకు చూపించాల్సింది దీన్నే.

డైపర్ పట్టికను మనసుపెట్టి నింపండి. మొదటి రోజు ఒక తడి డైపర్, రెండో రోజు రెండు, మూడో రోజు మూడు, అయిదో రోజు దాటాక రోజుకు కనీసం ఆరు ఉండాలి. మలం మొదట తారులా నల్లగా, తర్వాత ఆకుపచ్చగా, అయిదో రోజుకు ఆవపిండి రంగు పసుపుకు రావాలి, రోజుకు మూడు నాలుగు సార్లు. డిస్పోజబుల్ డైపర్ తడిసిందో లేదో తెలియకపోతే ఒక కొత్తదాంట్లో 45 మిల్లీలీటర్ల నీళ్ళు, అంటే మూడు పెద్ద చెంచాలు పోసి చేత్తో బరువు చూసుకోండి. ఆ చెయ్యి మరిచిపోదు. గుడ్డ లంగోటీలు వాడేవాళ్ళకు లెక్క ఎక్కువ వస్తుంది, ప్రతి చిన్న తడికీ మారుస్తారు కాబట్టి. నాలుగో రోజు తర్వాత కూడా డైపర్‌లో ఇటుక పొడి రంగు మరక కనిపిస్తే, అయిదో రోజుకు మలం నల్లగానే ఉంటే, బిడ్డ లేపినా లేవకపోతే యాప్ పక్కన పెట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి వెళ్ళండి.

బరువు గ్రాఫు బాగుంటుంది, కానీ దాంట్లో వేసే అంకె మీద ఆధారపడుతుంది. తల్లి బిడ్డనెత్తుకుని బాత్రూం తూకం మీద నిలబడి, తన బరువు తీసేసే పద్ధతిలో వంద గ్రాముల తేడా మామూలే. బిడ్డ రోజుకు పెరిగేది 20 నుంచి 30 గ్రాములు. మూడు రోజుల పెరుగుదల ఆ తేడాలోనే మునిగిపోతుంది. పిల్లల డాక్టరు దగ్గర ఒకే తూకం మీద, బట్టల్లేకుండా తూచిన అంకెలే వేయండి. మూడు కిలోల బిడ్డ మొదటి రోజుల్లో 7 శాతం, అంటే 210 గ్రాముల దాకా తగ్గడం మామూలే. 10 శాతం, 300 గ్రాములు తగ్గితే పాలు ఎలా అందుతున్నాయో వెంటనే చూపించుకోవాలి. రెండు వారాలకు పుట్టిన బరువు తిరిగి రావాలి. ఆ తర్వాత 6, 10, 14 వారాల టీకాలకు ఎలాగూ వెళ్తారు, అప్పుడు తూచిన బరువు రాసుకోండి.

బెంగళూరు ఇళ్ళకు పెద్ద లోటు భాష. చాలా యాప్‌లు ఇంగ్లీషులోనే ఉంటాయి. అల్లుడి ఫోనులో, కూతురి ఫోనులో ఒకే ఖాతా తెరవొచ్చు సరే, పగలంతా డైపర్లు మార్చే అమ్మమ్మ అనంతపురం నుంచో నెల్లూరు నుంచో వచ్చి ఉంటుంది. ఆవిడ మార్చినవి లెక్కలోకి రావు, రాత్రికి యాప్ నాలుగే చూపిస్తుంది, అందరికీ గుండె దడ. మంచం పక్కన తెలుగు క్యాలెండర్ వేలాడదీసి, ఆ తేదీ గడిలో తడికి ఒక గీత, మలానికి ఒక చుక్క పెట్టమనండి. రాత్రి పడుకునేముందు ఎవరో ఒకరు యాప్‌లోకి ఎక్కిస్తే సరిపోతుంది.

నీళ్ళు అనే మీట కూడా కొన్నింట్లో ఉంటుంది. ఆరు నెలలు నిండేదాకా దాని జోలికి వెళ్ళొద్దు, ఏప్రిల్ ఎండల్లోనైనా సరే. తల్లిపాలలో 87 శాతం నీళ్ళే, దాహమేస్తే బిడ్డ ఇంకోసారి తాగుతుంది. తేనె ఏడాది దాటేదాకా కూడదు. ఉచిత యాప్‌లో డబ్బా పాలవో సీసాలవో ప్రకటనలు వస్తే ఆ యాప్ తీసేయండి. మన దేశంలో 1992 చట్టం ప్రకారం వాటిని ప్రకటించడమే నిషిద్ధం.

ఆరు వారాల తర్వాత కొందరు బిడ్డలు మూడు నాలుగు రోజులకోసారి మాత్రమే మలవిసర్జన చేస్తారు. యాప్ దాన్ని మలబద్ధకమని ఎర్రగా చూపించొచ్చు. వచ్చింది మెత్తగా ఉండి, తడి డైపర్లు ఆరుకు తగ్గకుండా, బరువు పెరుగుతుంటే ఆముదం పట్టే పనిలేదు. పట్టిక ఆపేసే సమయం కూడా అదే.