శ్రీశైలం ఘాట్‌లో ఒక్క పెడల్‌తో: ఈవీలో మా ప్రయాణం, బస, చార్జింగ్

మా ఎలక్ట్రిక్ కారు (ఈవీ)లో శ్రీశైలం వెళ్లొచ్చిన దగ్గర్నుంచి స్నేహితులందరూ ఒకటే అడుగుతున్నారు, ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ ఎంత నిండింది అని. చాలా తక్కువ నిండింది. కానీ ఈ కారులో ఘాట్ దిగినంత హాయిగా నేను ఇంతకుముందు ఏ కారులోనూ దిగలేదు. ఆ హాయి దక్కాలంటే మాత్రం రాత్రి ఎక్కడ ఉంటున్నాం, పొద్దున ఎంత చార్జ్‌తో బయల్దేరుతున్నాం అన్నది చూసుకోవాలి. అందుకే కారు సంగతీ దారి సంగతీ కలిపే రాస్తున్నాను.

మాది 2023లో వచ్చిన కొత్త మోడల్ నెక్సాన్ ఈవీ, 40.5 యూనిట్ల బ్యాటరీ. స్టీరింగ్ వెనక రెండు ప్యాడిల్స్ ఉంటాయి, వాటితో రీజెన్‌ని, అంటే కాలు ఎత్తినప్పుడు కారు తానే నెమ్మదిస్తూ కరెంటు పుట్టించే బలాన్ని, 0 నుంచి 3 దాకా మార్చుకోవచ్చు. యాక్సిలరేటర్ మీద కాలు ఎత్తగానే మోటారు జనరేటర్‌గా మారిపోతుంది, అప్పటిదాకా చక్రాలని తిప్పిన మోటారుని ఇప్పుడు చక్రాలే తిప్పుతాయి. అలా తిప్పడానికి పట్టే బలమే కారుని ఆపుతుంది, పుట్టిన కరెంటు బ్యాటరీలోకి పోతుంది. మన మెట్రో రైలు స్టేషన్‌లోకి వచ్చేటప్పుడు చేసేదీ ఇదే. 3లో పెడితే సిటీలో బ్రేకు పని చాలావరకు తప్పుతుంది. అయితే కాలు ఎత్తితే చాలు కారు పూర్తిగా ఆగిపోవడాన్నే అసలైన వన్ పెడల్ అనాలి, హ్యుందాయ్ ఐయానిక్ 5లో ఐ-పెడల్, నిస్సాన్ లీఫ్‌లో ఈ-పెడల్ ఆ పని చేస్తాయి. మా కారు నడక వేగం దాకా తీసుకొస్తుంది, ఆ చివరి కాస్తా బ్రేకుతోనే ఆపాలి.

తెల్లవారుజామున మెహదీపట్నం నుంచి 100 శాతంతో బయల్దేరాం. పీవీ ఎక్స్‌ప్రెస్‌వే 11.6 కిలోమీటర్లు, ఆ టైములో ఖాళీగా ఉంటుంది. ఆరాంఘర్ దగ్గర ర్యాంపు దిగుతూ కాలు ఎత్తితే కారు ఆగకుండా జారుతూనే పోయింది. రీజెన్ 3లోనే ఉంది. కారులో తప్పేమీ లేదు, నిండిన బ్యాటరీలో కొత్త కరెంటుకి చోటుండదు కాబట్టి కారు రీజెన్‌ని తానే తగ్గించేస్తుంది. బ్యాటరీ బాగా చల్లగా ఉన్నా ఇలాగే చేస్తుంది, కానీ హైదరాబాద్‌లో ఆ బాధ పెద్దగా ఉండదు. కొత్తగా ఈవీ కొన్నవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఇదే: రోజూ కాలు ఎత్తితే ఆగే కారు ఫుల్ చార్జ్ పెట్టిన రోజు పొద్దున ఆగదు, ఆ రోజు మొదటి కొన్ని కిలోమీటర్లు కాలు బ్రేకు దగ్గరే ఉండాలి.

ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్) ఎక్కగానే రీజెన్‌ని 0కి తెచ్చాను. హైవే మీద 3లో పెట్టి నడిపితే రేంజ్ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. కారు పరుగులో ఉన్న శక్తిని కరెంటుగా మార్చి, బ్యాటరీలో వేసి, మళ్లీ తీసి చక్రాలకి ఇచ్చేసరికి మూడో వంతు దాకా దారిలోనే పోతుంది. ముందు రోడ్డు ఖాళీగా ఉంటే కారుని దాని ఊపు మీద పోనివ్వడమే లాభం. ఓఆర్ఆర్ మీద 120 దాకా అనుమతి ఉంది కానీ మేం 90 దాటలేదు. వేగం పెరిగేకొద్దీ గాలి తినేసే కరెంటుని ఏ రీజెన్ కూడా వెనక్కి తేలేదు.

తుక్కుగూడ దగ్గర దిగి కందుకూరు, కడ్తాల్, ఆమనగల్ మీదుగా పోయాం. రోడ్డు మొత్తానికి బాగుంది, ఊళ్ల దగ్గర మాత్రం స్పీడ్ బ్రేకర్లు ఎక్కువ. అక్కడ 2లో పెడితే సరిగ్గా సరిపోయింది, దూరం నుంచే కాలు కాస్త ఎత్తితే బ్రేకర్ దగ్గరికి వచ్చేసరికి కారు 20కి వచ్చేది. ఆమనగల్ దాటాక రోడ్డు పక్కన టిఫిన్ చేశాం. ఇడ్లీ వేడిగా ఉంది, పల్లీ చట్నీ ఇంకా బాగుంది, బాత్రూమ్ మాత్రం ఆడవాళ్లు వెళ్లేలా లేదు, ఆ పని పెట్రోల్ బంకులో చూసుకోవడమే మేలు.

చార్జర్ దగ్గర ఇబ్బంది పడ్డాం. కల్వకుర్తి చుట్టుపక్కల యాప్‌లో పనిచేస్తున్నట్టు చూపించిన ఫాస్ట్ చార్జర్ దగ్గరికి వెళ్తే స్క్రీన్ చీకటిగా ఉంది, కస్టమర్ కేర్ వాళ్లు రీస్టార్ట్ చేస్తున్నాం ఆగండి అంటూ అరగంట నిలబెట్టారు, చివరికి అయ్యేది కాదని తేల్చారు. అదృష్టం, ఇంకొంచెం ముందుకెళ్తే మరో చార్జర్ దొరికింది, అక్కడ కుర్రాడు తానే వచ్చి చార్జింగ్ గన్ పెట్టాడు, నీడలో కుర్చీలు వేశాడు. 68 శాతం నుంచి 80 దాకా పెట్టించి లేచాం, 80 దాటాక ఎలాగూ స్పీడ్ పడిపోతుంది. ఈ దారిలో బయల్దేరేవాళ్లు ఒక చార్జర్‌నే నమ్ముకోవద్దు, మన్ననూర్ లోపలికి వెళ్లాక అడవే.

డిండి రిజర్వాయర్ దగ్గర కాసేపు ఆగాం, గాలి బాగుంది, నీళ్లు తక్కువ ఉన్న కాలంలో వెళ్తే చూడ్డానికి పెద్దగా ఏం ఉండదు. మన్ననూర్ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, ఇది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. ఈవీలో వెళ్లేవాళ్లు ఈ టైముని చార్జింగ్ లెక్కలో వేసుకోవాలి, కల్వకుర్తిలో ఒక గంట ఆలస్యమైతే గేటు దగ్గర రాత్రంతా ఉండాల్సి రావచ్చు.

అడవిలోకి వచ్చాక ఈ కారు విలువ తెలిసింది. కోతులు రోడ్డు మీదే కూర్చుంటాయి. కాలు కొంచెం ఎత్తితే నెమ్మదిస్తుంది, కొంచెం నొక్కితే కదులుతుంది, ఇంజిన్ శబ్దం లేదు, అద్దాలు దించుకుంటే అడవి వినిపిస్తుంది. వటవర్లపల్లి దాటాక ఆక్టోపస్ వ్యూ పాయింట్ దగ్గర తప్పక ఆగండి. కృష్ణ అక్కడ కొండల మధ్య పాయలు పాయలుగా కనిపిస్తుంది, నాకు ఈ యాత్రలో గుడి తర్వాత అంత నచ్చిన చోటు అదే. ఫరహాబాద్ సఫారీకి టైము చాలలేదు.

వెనక సీట్లో ఉన్న అమ్మకి మాత్రం అక్కడే కడుపులో తిప్పడం మొదలైంది. "బ్రేకు వేసినట్టూ ఉంది, వేయనట్టూ ఉందిరా, ఏదో ఒకటి చెయ్యి" అంది. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. 3లో కాలు ఒక్కసారిగా ఎత్తితే వెనకవాళ్ల తల ముందుకి ఊగుతుంది, మళ్లీ నొక్కితే వెనక్కి. నడిపేవాడికి అది తెలియదు, ఎందుకంటే వాడి కాలు ముందే చెప్తుంది. 2కి తగ్గించి, కాలు ఒకేసారి ఎత్తకుండా మెల్లగా వదులుతూ నడిపితే పది నిమిషాల్లో ఆవిడ తేరుకుంది. వన్ పెడల్ నేర్చుకోవడం అంటే కాలు ఎత్తడం నేర్చుకోవడమే, నొక్కడం అందరికీ వచ్చు.

దోమలపెంట దాటాక అసలు ఘాట్. పెట్రోల్ కారులో సెకండ్ గేరులో వేసి, ఇంజిన్ అరుస్తుంటే, ప్రతి మలుపుకీ బ్రేకు నొక్కుతూ దిగేవాళ్లం, కిందకి వచ్చేసరికి బ్రేకులు కాలిన వాసన వచ్చేది. ఇప్పుడు 3లో పెట్టి, కాలుని యాక్సిలరేటర్ మీద పెట్టీ పెట్టనట్టు ఉంచితే కారు 25 దగ్గర పట్టుకున్నట్టు దిగింది. హెయిర్‌పిన్ మలుపుల్లో తప్ప బ్రేకు ముట్టుకోలేదు. బ్రేకు డిస్కులు వేడెక్కలేదు కాబట్టి నిజంగా అవసరమైనప్పుడు బ్రేకు పూర్తి బలంతో దొరుకుతుంది, నాకు ఘాట్‌లో అన్నిటికన్నా ధైర్యం ఇచ్చింది ఈ సంగతే. రీజెన్ గట్టిగా పడినప్పుడు వెనక బ్రేకు లైట్లు కూడా వెలుగుతాయి, వెనక వచ్చే ఆర్టీసీ బస్సుకి మనం నెమ్మదించామని తెలుస్తుంది. మెల్లగా తగ్గినప్పుడు వెలగకపోవచ్చు, అందుకని వెనక బస్సు దగ్గరగా ఉంటే నేను బ్రేకు పెడల్‌ని ఊరికే తాకేవాణ్ణి.

ఒక చోట మలుపులో ఇసుక పరుచుకుని ఉంది. మాది ముందు చక్రాల మీద నడిచే కారు, రీజెన్ కూడా ముందు చక్రాల మీదే పడుతుంది. ఇసుక మీద గానీ తడి రోడ్డు మీద గానీ 3లో కాలు ఒక్కసారిగా ఎత్తితే చక్రం జారొచ్చు. చక్రం జారబోతే కారు రీజెన్‌ని తగ్గించేస్తుంది, ఆ ఒక్క క్షణం కారు ముందుకి ఉరికినట్టు అనిపిస్తుంది. వర్షాకాలంలో, డ్యామ్ గేట్లు ఎత్తారని తెలిసి జనమంతా పోయే రోజుల్లో, ఘాట్‌లో 2 చాలు.

ఇక అందరూ అడిగిన లెక్క. కారు, మేం నలుగురం, సామాను కలిపి దాదాపు 1,800 కిలోలు. ఆ బరువు 100 మీటర్ల ఎత్తు నుంచి దిగితే వచ్చే శక్తి మొత్తం అర యూనిట్. టైర్ల రాపిడి, గాలి, మార్పిడిలో పోయేది తీసేస్తే చేతికొచ్చేది 0.3 యూనిట్, అంటే రెండు కిలోమీటర్ల ప్రయాణం. ఘాట్ మొత్తం దిగేసరికి మా బ్యాటరీ 39 నుంచి 41కి వచ్చింది. కృష్ణ మీద వంతెన దాటి సుండిపెంట వైపు ఎక్కడం మొదలుపెట్టగానే ఆ 2 శాతం పోయింది, ఇంకొంత కూడా పోయింది, శ్రీశైలం చేరేసరికి 33. దిగేటప్పుడు నిండుతుందిలే అన్న ధీమాతో తక్కువ చార్జ్‌తో ఎవరూ రావద్దు. సిటీలో 60 వేగం నుంచి ఆగితే వచ్చేది యూనిట్‌లో నూటికి ఏడు వంతుల లోపే, కానీ సిటీలో రోజుకి వందసార్లు ఆగుతాం, అందుకే అక్కడ రీజెన్ లాభం కంటికి కనిపిస్తుంది.

బస గురించి. గుడికి దగ్గరగా ఉండాలంటే దేవస్థానం వాళ్ల గంగా సదనం, గౌరీ సదనం లాంటివి, కుల సత్రాలు ఉన్నాయి, పెద్దవాళ్లతో వెళ్తే నడక తగ్గుతుంది, ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. మేం చార్జింగ్ కోసం కొంచెం దూరంగా ఒక ప్రైవేటు లాడ్జి తీసుకున్నాం. ఫోన్‌లో "ప్లగ్గు ఉంది సార్" అన్నారు, వెళ్లాక వాచ్‌మన్ "మీటరు తిరిగిపోతుంది సార్, ఓనరు గారు ఊరుకోరు" అన్నాడు. యూనిట్ లెక్కన డబ్బులిస్తానని ఓనరుతో మాట్లాడితే ఒప్పుకున్నారు, 300 తీసుకున్నారు. బయటి ప్లగ్గుకి ఎర్తింగ్ లేదు, కారు చార్జర్ ఎర్రలైటు వేసి మొండికేసింది. చివరికి జనరేటర్ గది పక్కన ఉన్న పవర్ ప్లగ్గు పనిచేసింది. గది శుభ్రంగా ఉంది, వేడినీళ్లు పొద్దున ఏడు దాకే, దుప్పట్లు పాతవి. కుటుంబంతో ఒక రాత్రికి సరిపోతుంది, రెండో రాత్రికి నేనైతే ఉండను.

రాత్రి తొమ్మిదికి పెట్టి పొద్దున ఐదుకి 88 శాతం దగ్గర తీసేశాను. వాచ్‌మన్ ఆశ్చర్యపోయి "ఫుల్ కానివ్వండి సార్, దూరం పోవాలి కదా" అన్నాడు. కానీ శ్రీశైలం కొండ మీద ఉంది, ఊరు దాటగానే దిగుడే. ఇక్కడ 100 నింపుకుని దిగితే ఆరాంఘర్ ర్యాంపు మీద జరిగిందే ఘాట్ మలుపుల్లో జరుగుతుంది, రీజెన్ ఉండదు, భారమంతా బ్రేకుల మీదే. దిగేటప్పుడు వచ్చే కరెంటు రెండు శాతమే కదా, 97 దాకా పెట్టొచ్చు కదా అనిపించవచ్చు. చోటు ఒక్కటే కాదు లెక్క, నిండుతున్నకొద్దీ బ్యాటరీ కరెంటుని తీసుకునే వేగం కూడా తగ్గుతుంది, 95 పైన చాలా కార్లలో రీజెన్ బలం తగ్గిపోతుంది. 88తో దిగితే కొండ కింద ఉన్న లింగాలగట్టు దాకా 3 గట్టిగా పనిచేసింది.

దర్శనం, సాక్షి గణపతి, శిఖరం, పాతాళగంగ రోప్‌వే అన్నీ ముందురోజే అయిపోయాయి. రోప్‌వేకి శనివారం సాయంత్రం వెళ్లకండి, క్యూ చాలా పెద్దది.

తిరుగు దారిలో కల్వకుర్తి చేరేసరికి 40 మిగిలింది. ఇంటిదాకా లెక్క సరిపోతుంది కానీ టెన్షన్ ఎందుకని అదే కుర్రాడి దగ్గర పావుగంట పెట్టించాం. ఇంటికొచ్చిన వారం సర్వీసులో చూస్తే బ్రేకు ప్యాడ్లు దాదాపు కొత్తవిలాగే ఉన్నాయి, డిస్కుల అంచున మాత్రం సన్నగా తుప్పు కనిపించింది, బ్రేకు తక్కువ వాడే కార్లలో ఇది మామూలే అన్నారు. అప్పట్నుంచి వారానికోసారి రీజెన్ 0లో పెట్టి, ఖాళీ రోడ్డు మీద నాలుగైదు సార్లు బ్రేకు గట్టిగా వేస్తున్నాను, డిస్కులూ శుభ్రపడతాయి, కాలికి బ్రేకు అలవాటూ పోదు. వచ్చేసారి లాడ్జి బుక్ చేసేముందు ప్లగ్గు ఉందా అని అడిగి ఊరుకోను, ఎర్తింగ్ ఉన్న 15 ఆంపియర్ల ప్లగ్గు పార్కింగ్‌కి ఎంత దూరంలో ఉందో ఫోటో పంపమంటాను.