ఎడిన్‌బరాలో కొన్న గళ్ళ మఫ్లర్

బాపుకి చలికాలానికి మంచి ఉన్ని మఫ్లర్ కొందామని స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరాలో రాయల్ మైల్ అనే వీధంతా తిరిగాను. మొదట ఎక్కిన షాపులో 12 పౌండ్లకే దొరికింది. రూముకొచ్చి లేబుల్ తిరగేస్తే మొత్తం యాక్రిలిక్. బోర్డు మీద మాత్రం ఉన్ని అనే రాశారు. బాపు కోసం కొన్నది కదా, చాలా బాధేసింది.

మర్నాడు ఓ సందులోని చిన్న షాపుకి వెళ్ళాను. ఈ రివ్యూ దాని గురించే.

"ఆ ప్లెయిడ్ మఫ్లర్ చూపిస్తారా" అని అడిగాను. కౌంటర్లో ఉన్న పెద్దావిడ దాన్ని తీసి నా చేతిలో పెట్టి, ఈ గళ్ళ పేరు టార్టన్ అనీ, ప్లెయిడ్ అంటే భుజాన వేసుకునే దుప్పటి అనీ ఓపిగ్గా చెప్పింది. స్కాట్లాండ్ పాత భాష గేలిక్‌లో ఆ మాటకు దుప్పటి అనే అర్థమట. అమెరికా వాళ్ళు గళ్ళనే ప్లెయిడ్ అంటారు, మనకూ ఆన్‌లైన్ షర్టుల్లో అదే అలవాటైంది. టార్టన్ కూడా మొదట్లో గళ్ళ పేరు కాకపోవచ్చు. నార, ఉన్ని కలిపి నేసే బట్టకు ఫ్రెంచిలో ఉన్న 'టిర్‌టెన్' అనే మాట నుంచి వచ్చిందని చాలామంది అంటారు.

భుజాన దుప్పటి అనగానే మా తాత గొంగడి కళ్ళ ముందుకొచ్చింది. మాది సిద్దిపేట వైపు. తాత గొర్ల వెంట పోతే వానకు అదే ముసుగు, రాత్రికి అదే పక్క. స్కాట్లాండ్ కొండప్రాంతమైన హైలాండ్స్‌లో ప్లెయిడ్‌దీ అదే పని. ఫోన్లో గొంగడి ఫోటో చూపించాను. నేతకు ముందు నూలుకి చింతగింజల గంజి పెడతారని చెబితే ఆవిడ కాగితం మీద రాసుకుంది.

నేను తీసుకున్నది బ్లాక్ వాచ్ అనే టార్టన్: ముదురు నీలం, ఆకుపచ్చ, నలుపు. దగ్గరగా పట్టుకుంటే ఒక్కో పోగు రెండు అడ్డపోగుల మీద నుంచి, రెండింటి కింద నుంచి పోతూ ఏటవాలు గీతలు కనిపిస్తాయి. నీలం, పచ్చ కలిసిన చోట సన్నని చారల్లో మూడో రంగు పుడుతుంది. 1746లో బ్రిటన్ చేసిన చట్టం స్కాట్లాండ్ మగవాళ్ళను హైలాండ్ దుస్తులు, టార్టన్ కోట్లు తొడగొద్దంది, 1782లో గానీ ఎత్తేయలేదు. సైన్యానికి మాత్రం మినహాయింపు, ఈ గళ్ళు ఆ సైన్యంలోని బ్లాక్ వాచ్ దళానివే.

ధర 34 పౌండ్లు. మొదటి వారం మెడకు కొంచెం గుచ్చుకుంటుంది. వేడినీళ్ళలో వేయకండి, ముడుచుకుపోతుంది.

ఇంటికి తెస్తే బాపు రంగు చూడనేలేదు. రెండు వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, "పిల్లగొర్రె ఉన్నిరా ఇది" అన్నాడు. లేబుల్ మీద లాంబ్స్‌వూల్ అనే ఉంది. మా అన్నకూ ఒకటి తెప్పిస్తున్నాను, అదే షాపు నుంచి.