కవళ్ళ ఎరకు ఫ్రీ స్పూల్ రీలు: మూడేళ్ళ ఉప్పునీటి వాడకం తర్వాత

చచ్చిన చేపను గాలానికి గుచ్చి, అడుగున పడేసి, రాడ్‌ను రాళ్ళ సందులో నిలబెట్టి కాచుకునే వేటకు మామూలు స్పిన్నింగ్ రీలు (రాడ్‌కి బిగించే, దారం చుట్టే యంత్రం) చాలదు, ఫ్రీ స్పూల్ రీలు కావాలి. చాలుతుందనేవాళ్ళ రాడ్‌ని పార చేప ఇంకా నీళ్ళలోకి లాక్కుపోలేదన్నమాట.

యూరప్‌లో పైక్ అనే మంచినీటి చేపకి వేసేది సరిగ్గా ఈ వేటే. అక్కడి చెరువుల్లో, కాలవల్లో దానికి పెట్టే ఎర మాత్రం చాలాసార్లు సముద్రపు చేప: కవళ్ళు, కానాగంతలు. మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారేసరికి గుట్టలుగా పోసే సరుకే. అందుకే పైక్‌కి వాడే తరహా రీలు ఇక్కడ తెన్నేటి పార్కు రాళ్ళ మీదా, మంగమారిపేటలోనూ పారకీ, పండుగొప్పకీ, బారాకుడాకీ బాగా అతుకుతుంది. అక్కడ లేని తలనొప్పి ఉప్పు. దాని గురించి చివర్లో ఎక్కువే రాయాలి.

ఈ ఫ్రీ స్పూల్ రీలుకి వెనక ఒక మీట, ఆ పక్కనే చిన్న నాబ్ ఉంటాయి. మీట వేస్తే స్పూల్ (దారం చుట్టుకునే గిలక) మెయిన్ డ్రాగ్ నుంచి, అంటే చేప లాగేటప్పుడు దారాన్ని బిగువుతో వదిలే బ్రేకు నుంచి, విడిపోతుంది. దారాన్ని స్పూల్ మీదికి చుట్టే బెయిల్ తీగ మూసే ఉన్నా, చేప లాగితే దారం తేలిగ్గా పోతుంది. హ్యాండిల్ కొద్దిగా తిప్పగానే టక్కున మీట పడిపోయి మెయిన్ డ్రాగ్ పట్టుకుంటుంది. షిమానో వాళ్ళు దీన్ని బెయిట్‌రన్నర్ అంటారు, ఓకుమా వాళ్ళు బెయిట్‌ఫీడర్, పెన్ వాళ్ళు లైవ్ లైనర్. పేర్లు వేరైనా చేసే పని ఇదే.

కొనేటప్పుడు పెట్టె మీద బేరింగులెన్ని, డ్రాగ్ ఎన్ని కిలోలు అని చూడడం దండగ. ఒడ్డున 4 కిలోల డ్రాగ్ దాటే అవసరం అరుదు. షాపులో చేయాల్సిన పరీక్ష వేరే ఉంది. వెనక నాబ్ పూర్తిగా వదులు చేసి, మీట వేసి, దారం కొసను రెండు వేళ్ళతో మెల్లగా లాగండి. స్పూల్ తడబడకుండా కదలాలి. కొన్ని రీళ్ళలో నాబ్ ఎంత వదులు చేసినా మొదటి కుదుపుకి పావు కిలో బలం పడుతుంది. అంత బరువు తగిలితే అనుమానపు చేప ఎర వదిలేస్తుంది. తర్వాత నాబ్‌ని ఒక్కొక్క క్లిక్కూ బిగిస్తూ లాగి చూడండి, బిగువు కొంచెం కొంచెంగా పెరగాలి. మూడు క్లిక్కులదాకా ఏమీ తేడా లేక నాలుగోదానికి ఒక్కసారిగా బిగిస్తే అది మన కెరటాలకి పనికిరాదు.

రీలు సైజు 6000. 0.35 మి.మీ. మోనో (ఒకే పోగు నైలాన్ దారం) 200 మీటర్లకు పైగా పట్టాలి, గేర్ 5:1కి (హ్యాండిల్ ఒక చుట్టుకి దారం అయిదు చుట్లు) అటూఇటూ ఉంటే మంచిది. 4000 సైజు తేలికే గానీ 100 గ్రాముల సీసం, 50 గ్రాముల కవళ్ళు కలిపి విసిరితే దాని కాలు ఊగడం చేతికి తెలుస్తుంది. బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం) ఎక్కించేవాళ్ళు ముందు పాతిక మీటర్లు మోనో చుట్టాలి, లేదంటే నున్నటి స్పూల్ మీద దారం మొత్తం జారి తిరుగుతుంది. అంచుకి 2 మి.మీ. కిందదాకా నింపితే చాలు. ఇంకా నింపితే విసిరినప్పుడు చుట్టలు చుట్టలుగా ఊడిపడుతుంది. విసురు దెబ్బ తట్టుకోడానికి దారం ముందు కట్టే మందపాటి ముక్క, షాక్ లీడర్‌కి లెక్క సులువు: విసిరే ప్రతి 30 గ్రాములకు 10 పౌండ్ల తట్టుకునే బలం. సీసం, ఎర కలిపి 150 గ్రాములైతే 50 పౌండ్ల మోనో.

ఫ్రీ స్పూల్ బిగువు రోజూ ఒకేలా పెడితే కుదరదు. మార్చి నుంచి అక్టోబరు దాకా ఒడ్డు వెంట నీటి పారుడు భీమిలి వైపు, నవంబరు తర్వాత యారాడ వైపు. సీసం కుదురుకున్నాక, కెరటం దారం లాక్కోవడం ఆగేదాకా నాబ్ బిగించి, ఇంకొక్క క్లిక్కు వేయాలి. అక్కడితో ఆపాలి. జూలైలో సముద్రం పొంగినప్పుడు గంటలో రెండు మూడుసార్లు మళ్ళీ సరిచేయక తప్పదు.

చేప ఎర లాగుతూ పోతున్నప్పుడు మీట అలాగే ఉంచి రాడ్ ఎత్తారంటే స్పూల్ గిర్రున తిరిగి, బ్రెయిడ్ వదులై స్పూల్ కిందకి దూరుతుంది. ముందు రాడ్ దించి, హ్యాండిల్ తిప్పి మీట పడేసి, దారం బిగిసేదాకా చుట్టి, అప్పుడు ఎత్తాలి. సర్కిల్ గాలమైతే (మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం) ఎత్తడం కూడా వద్దు, చుడుతూ పోతే అదే మూతి మూలన దిగుతుంది. బారాకుడాకి ఆగితే తోక ముక్క మాయమై తల మిగులుతుంది. పండుగొప్పకి మూడు నాలుగు సెకన్లు ఇవ్వొచ్చు. అంతకు మించితే గాలం పొట్టలోకి పోతుంది.

ఈ రీలు చెప్పలేనిది ఒకటుంది. చేప ఎర పట్టుకుని ఒడ్డు వైపు వస్తే స్పూల్ తిరగదు, చప్పుడూ రాదు. దారం వదులవుతుందంతే. అందుకని రీలుకీ రాడ్ మొదటి రింగుకీ మధ్య దారం మీద ఓ సీసా మూత వేలాడదీయాలి. మూత కిందకి జారినా చేప కొట్టినట్టే.

డ్రాగ్ జారుతుండగా హ్యాండిల్ తిప్పడం అందరూ చేసే తప్పు. 5:1 రీలులో అలా ఒక్క చుట్టు తిప్పితే దారంలో అయిదు మెలికలు పడతాయి. పది నిమిషాలు పోరాడితే మోనో ఫోన్ తీగలా చుట్టుకుపోతుంది. చేప పోతున్నప్పుడు చేయి హ్యాండిల్ మీంచి తీసేయాలి.

ఇక ఉప్పు. అన్నిటికంటే ముందు పోయేది లైన్ రోలర్ (బెయిల్ తీగ చివర దారం ఆనుకుని తిరిగే చిన్న గిలక) బేరింగ్, అది కూడా మొదటి ఏడాదిలోనే. కీచుమంటుంది, తర్వాత తిరగడం మానేస్తుంది, దారం ఒకే చోట రాసుకుని రోలర్ మీద గాడి పడుతుంది. తడి దారాన్ని మెల్లగా లాగుతూ రోలర్ మీద పెన్నుతో పెట్టిన చుక్క చూడండి. చుక్క కదలకపోతే అప్పుడే విప్పాలి. వాషర్లు ఏ వరసలో ఉన్నాయో విప్పేముందే ఫోటో తీసుకోండి. బేరింగ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో కడిగి, ఆరాక ఒకే ఒక్క చుక్క పల్చటి నూనె.

రెండోది వెనక మీట. దాని లోపలి గ్రీజు ఉప్పుతో గట్టిపడి, హ్యాండిల్ తిప్పినా మీట పడదు. ఇది సరిగ్గా చేప ఉన్నప్పుడే జరుగుతుంది. రీలు వాడకపోయినా వారానికోసారైనా మీటను పదిసార్లు వేసి తీస్తుండాలి. హ్యాండిల్ వెనక్కి తిరగకుండా ఆపే రోలర్ క్లచ్‌లో మాత్రం గ్రీజు పెట్టకూడదు, పెడితే హ్యాండిల్ వెనక్కి జారుతుంది.

కడగడానికి పైపు పెట్టి నీళ్ళు జోరుగా కొట్టేవాళ్ళు ఉప్పుని లోపలికి తోస్తున్నట్టే. డ్రాగ్ బిగించి, పైనుంచి మంచినీళ్ళు చిలకరించి, తుడిచి, మళ్ళీ డ్రాగ్ వదులు చేసి నీడన ఆరబెట్టాలి. బిగించే దాచేస్తే ఫెల్ట్ వాషర్లు అణిగిపోయి, తర్వాత డ్రాగ్ కుదుపుతో వదులుతుంది. కార్బన్ వాషర్లున్న మోడల్‌కి కొంచెం ఎక్కువ పెట్టడం దండగ కాదు.

స్పూల్ అంచును రాళ్ళకి తగలనివ్వకండి. దూది ముక్కతో అంచంతా తిప్పండి, ఎక్కడ పోగు చిక్కుకుంటే అక్కడ గాటు ఉన్నట్టు. 1000 నంబరు ఉప్పు కాగితంతో (శాండ్‌పేపర్) నీళ్ళు తడుపుతూ రుద్దితే పోతుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం, ఆ 61 రోజులూ దొరికేది ఎక్కువగా మెత్తబడ్డ ఐసు కవళ్ళే. విసిరితే గాలిలోనే ఊడిపోతాయి. మార్చిలోనే కిలోకి పావు కిలో గళ్ళుప్పు పట్టించి, రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి, ఊరిన నీరు వంచేసి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. విసిరేటప్పుడు సగం గడ్డకట్టి ఉండాలి, తోక కోసేసి ఉండాలి. తోక ఉంటే గాలిలో గిరగిరా తిరిగి, డ్రాగ్ తప్పేమీ లేకుండానే దారం మెలిపడుతుంది.